వెలి నుంచి బయలుకు: తెలుగు క్రైస్తవుల ఆరుబయలు ఆరాధన – సాహిత్య పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు నేల మీద క్రైస్తవ ఆరాధన చర్చి గోడల మధ్య ఎంత సాగిందో, కొండల మీద, చెట్ల కింద, నదీతీరాల్లో, చర్చి ప్రాంగణాల్లో కూడా అంతే సాగింది. ఈ ఆరుబయలు ఆరాధనను మందిరం కట్టుకోలేని పేదరికానికి గుర్తుగానో, జాతర సంప్రదాయానికి అనుకరణగానో వివరించడం పరిపాటి. ఆ రెండు వివరణలూ కులం గీసిన స్థలవిభజనను పక్కన పెడుతున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘వెలి’, ‘బయలు’ అనే రెండు తెలుగు పదాల అర్థభేదం ఆధారంగా 19వ శతాబ్ది ఒంగోలు సందర్భాన్ని, జాషువ ‘గబ్బిలం’ కావ్యాన్ని, జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ నవలను, మెదక్, గుణదల ఉత్సవాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆరుబయలు ఆరాధన, వెలి, బయలు, ప్రవేశం, దళిత క్రైస్తవం, జాషువ, అంటరాని వసంతం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు క్రైస్తవ సంఘాల ఏడాదిని గమనిస్తే ఆరాధన ఎన్నిసార్లు గడప దాటి బయటికి వస్తుందో తెలుస్తుంది. మట్టల ఆదివారం నాడు ఈతమట్టలు, తాటిమట్టలు పట్టుకుని వీధుల్లో ఊరేగుతారు. ఈస్టర్ నాడు పొద్దు పొడవక ముందే సమాధుల తోటకు చేరి కొవ్వొత్తులు వెలిగిస్తారు. పంటకోత పండుగకు తెచ్చిన ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు చర్చి ముంగిట్లోనే వేలం పాడతారు. క్రిస్మస్ నెలంతా పాటల బృందాలు ఇంటింటికీ తిరుగుతాయి. వేసవిలో పందిళ్ల కింద ఉజ్జీవ సభలు జరుగుతాయి.

ఇంత విస్తారంగా ఉన్న ఈ ఆచరణను వివరించేటప్పుడు రెండు అభిప్రాయాలు తరచుగా వినిపిస్తాయి. మొదటిది, తొలినాళ్లలో మందిరాలు లేవు కాబట్టి బయట ఆరాధించారు, అదే అలవాటుగా నిలిచింది అన్నది. రెండవది, మతం మారినా పాత జాతర సంస్కారం పోలేదు కాబట్టి అదే రూపంలో కొత్త పండుగలు చేసుకుంటున్నారు అన్నది. మొదటి వాదం బయలును ఒక లోటుగా చూస్తుంది, రెండవది దాన్ని పాతదాని శేషంగా చూస్తుంది. ఆ బయట నిలబడినవారు ఎవరు, అంతకు ముందు వారు ఎక్కడ నిలబడవలసి వచ్చింది అనే ప్రశ్నను రెండూ అడగవు. ఈ వ్యాసం ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

2. వెలి, బయలు – పదాల పరిధి:
తెలుగులో ‘వెలి’ అంటే బయట. వెలివేయడం, వెలివాడ, వెలిబడడం అనే పదాల్లో ఆ బయట ఒక శిక్ష. వెలిలో ఉన్నవారు తమ ఇష్టంతో అక్కడ లేరు, ఎవరో గీసిన గీతకు అవతల ఉన్నారు. ‘బయలు’ అన్నా బయటే, అయితే ఈ పదానికి నడత వేరు. బయలుదేరడంలో కదలిక ఉంది. బయలుపడడంలో దాగినది కనిపించడం ఉంది. అచల సంప్రదాయంలో బయలు పరతత్వాన్ని సూచించే పారిభాషిక పదం. తెలుగు బైబిలు అనువాదంలో దైవం తన్ను తాను తెలియజేసుకోవడాన్ని చెప్పే క్రియల్లో ‘బయలుపరచు’ ముఖ్యమైనది. ఒకే భౌతిక స్థలం ఒక పదంలో బహిష్కరణగా, మరొక పదంలో ప్రత్యక్షతగా నిలుస్తున్నది.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. తెలుగు గ్రామంలో లోపల, వెలుపల అనే భేదాన్ని కప్పు నిర్ణయించదు. రచ్చబండకు కప్పు లేదు. ఊరి చెరువుకు గోడ లేదు. వీధినాటకం ఆడే స్థలం అందరికీ కనిపించేదే. అయినా ఇవన్నీ కొన్ని కులాలకు ‘లోపలి’ స్థలాలే. అంటరానివారుగా చూడబడినవారు వాటి దగ్గరికి రావాలన్నా దూరం లెక్క చూసుకోవలసిందే. కాబట్టి ఆరుబయలు అనగానే అది అందరిదీ అనుకోవడం పొరపాటు. ఆ స్థలంలోకి ఎవరికి, ఏ హోదాలో ప్రవేశం ఉన్నదో చూస్తే తప్ప దాని స్వభావం తెలియదు.

క్రైస్తవ గ్రంథంలోనూ ఈ వెలుపలి స్థానానికి ప్రాముఖ్యం ఉంది. యేసు బోధ కొండ మీద, సరస్సు ఒడ్డున సాగింది. యోహాను సువార్త 4వ అధ్యాయంలో సమరయ స్త్రీతో సంభాషణ బావి దగ్గర జరుగుతుంది. ఆరాధన ఏ కొండకూ, ఏ నగరానికీ కట్టుబడి ఉండదనే మాట అక్కడే వస్తుంది. హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం యేసు నగరద్వారం అవతల శ్రమపడ్డాడని గుర్తుచేసి, విశ్వాసులను కూడా అక్కడికే రమ్మంటుంది. ఊరి బావి దగ్గర నీళ్లకోసం ఎదురుచూసిన తెలుగు శ్రోతకు బావి గట్టున జరిగిన ఆ సంభాషణ దూరదేశపు కథగా వినిపించి ఉండదు.

3. కొండ, చెట్టు, నది – 19వ శతాబ్ది ఒంగోలు:
అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ నెల్లూరులో ఏళ్ల తరబడి పనిచేసినా ఫలితం అంతగా లేకపోవడంతో, 1853లో దాన్ని మూసివేయాలనే చర్చ అమెరికాలో జరిగింది. ఆ మరుసటి ఏడాది మొదటి రోజున, 1854 జనవరి 1న, లైమన్ జ్యూయెట్ దంపతులతో పాటు నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువారు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఆ కొండకు ‘ప్రార్థన కొండ’ అనే పేరు స్థిరపడింది. మిషన్ చరిత్రలు ఈ సంఘటనను జ్యూయెట్ విశ్వాసానికి నిదర్శనంగా చెబుతాయి. ఆ ఐదుగురిలో ముగ్గురు తెలుగువారనీ, వారిలో ఇద్దరు స్త్రీలనీ గమనిస్తే చిత్రం మారుతుంది. తెలుగు స్త్రీలు పూజారి అనుమతి, గర్భగుడి నియమం ఏవీ లేకుండా ఒక కొండ మీద నిలబడి నోరారా ప్రార్థించిన సందర్భం అది.

1866లో యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. మాదిగ కులంలో పుట్టి, తోళ్ల వ్యాపారం చేస్తూ ఊళ్లు తిరిగిన పేరయ్యకు అంతకు ముందే రాజయోగ గురుపరంపరతో సంబంధం ఉంది. అతని ఊరైన తాళ్లకొండపాడుకు 1867 జనవరిలో జాన్ ఎవరెట్ క్లౌ వెళ్లాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం మూటాముల్లెలతో వచ్చి చెట్ల కింద మకాం వేశారు. కొద్ది రోజుల బోధ తరువాత 28 మంది బాప్తిస్మం పొందారు. అదే కాలంలో ఒంగోలులో క్లౌకు ఒక చిక్కు ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని అగ్రవర్ణాలవారు చెప్పారు. పాఠశాల గదిలో పక్కపక్కన కూర్చోవడమే ఆ వివాదానికి కేంద్రం. గదిలో తలెత్తిన ఆ సమస్య చెట్టు కింద తలెత్తలేదు. అక్కడికి వచ్చినవారెవరూ మరొకరి అనుమతి అడగవలసిన అవసరం లేకపోయింది.

1876–78 నాటి కరువు ఈ చరిత్రను మరో మలుపు తిప్పింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండికోసం మతం మారారనే మాట రాకూడదని కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. పనులు ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్య మిషన్ సాహిత్యంలో లెక్కలేనన్నిసార్లు పునరుక్తమైంది. సంఖ్య వెలుగులో మరుగున పడిన వివరం మరొకటి ఉంది. ఆ రోజు క్లౌ ఒక్కరికి కూడా తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరి చొప్పున, నీటిలో నిలబడి ఆ పని చేశారు. తాకితే మైలపడుతుందన్న మనుషులు పట్టపగలు పారే నదిలో ఒకరినొకరు పట్టుకుని ముంచి లేపారు. ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేని చేతులకు నదిలో మతకర్మ నిర్వహించే అధికారం దక్కింది. వెలి బయలుగా మారడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఈ చరిత్రకు మనకున్న ముఖ్యాధారాలు ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ రాసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ (1899), ఆమే క్లౌ మాటల్లో కూర్చిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ (1914) వంటి మిషన్ రచనలు. అవి ప్రధానంగా ఒడ్డున నిలబడి చూసినవారి కథనాలు. నీటిలో దిగినవారి కథనం కోసం తెలుగు సాహిత్యం మరో శతాబ్దం ఆగవలసి వచ్చింది.

4. డప్పు నుంచి కీర్తనకు:
క్లౌ కాలంలో కొత్తగా చేరేవారికి మూడు నియమాలు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. మూడవ నియమం వల్ల ఊరి కొలుపుల్లో డప్పు కొట్టడం మానుకోవలసి వచ్చింది. ఊరి పెద్దల ఆగ్రహానికి ఇది ముఖ్య కారణమైంది. గ్రామదేవత ఉత్సవం ఆరుబయలులో జరిగేదే. అందులో మాదిగలకు చోటు ఉంది, అయితే ఆ చోటు వెట్టిలో భాగం. డప్పు లేకుండా కొలుపు సాగదు, డప్పు కొట్టినందువల్ల గౌరవం దక్కదు. కాబట్టి తమదైన కూడికను చెట్టు కింద ఏర్పాటు చేసుకోవడంలో ఊరి ఉత్సవానికి శ్రమ నిరాకరించడం కూడా కలిసి ఉంది. ఆరుబయలు ఆరాధనను జాతరకు అనుకరణ అనేవారు ఈ నిరాకరణను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఈ నిరాకరణకు ఒక మూల్యం కూడా ఉంది. డప్పు వెట్టికి గుర్తు మాత్రమే కాదు, తరతరాల కళాజ్ఞానం. వెట్టితో పాటు ఆ జ్ఞానాన్ని కూడా ఆరాధన నుంచి దూరం పెట్టడం మిషన్ దృష్టిలోని పరిమితి. ఆ ఖాళీని చాలావరకు కీర్తన నింపింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు రాగతాళాలతో రచించిన పాటలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటిలో చేరి, శాఖాభేదం లేకుండా ఇప్పటికీ పాడుకుంటున్నారు. పల్లవిని నాయకుడు అందిస్తే జనం అందుకునే ఈ రూపానికి ఆర్గన్ అక్కరలేదు, చదువు అక్కరలేదు, గోడలు అక్కరలేదు. భజన మేళానికి అలవాటుపడిన చెవి ఒకటి రెండు విడతల్లోనే పాటను పట్టుకుంటుంది. కీర్తన విస్తృతికి దాని సాహిత్యగుణంతో పాటు ఈ బయలుకు తగిన నిర్మాణం కూడా కారణం.

5. గబ్బిలం – లోపలికి వెళ్లలేని ప్రార్థన:
గుర్రం జాషువ ‘గబ్బిలం’ (1941) క్రైస్తవ ఆరాధన గురించిన కావ్యం కాదు. అయితే వెలి గురించి తెలుగులో వచ్చిన కావ్యాల్లో అది అగ్రగణ్యం, రచయిత క్రైస్తవ కుటుంబంలో పెరిగినవాడు. కావ్యనాయకుడు గుడిలో అడుగుపెట్టలేడు. గబ్బిలం పెట్టగలదు. ఇంట్లోకి వస్తే అపశకునమని తరిమే ప్రాణికి గర్భగుడి చూరు నివాసం. అర్చకుడు దగ్గర లేని సమయం చూసి శివుడి చెవిలో తన గోడు చెప్పమని నాయకుడు దాన్ని వేడుకుంటాడు. మేఘసందేశంలో యక్షుడికీ ప్రియురాలికీ మధ్య ఉన్నది దూరం. ఇక్కడ భక్తుడికీ దేవుడికీ మధ్య ఉన్నది గడప.

కావ్యంలోని వేదనకు మూలం ఆ గడపను నాయకుడు ఇంకా గుర్తించడంలో ఉంది. దేవుడు లోపల ఉన్నాడని అతడు నమ్ముతాడు కాబట్టే లోపలికి వెళ్లే దూతను వెతుక్కుంటాడు. గుండ్లకమ్మ ఒడ్డున నిలబడినవారు ఈ నమ్మకాన్నే వదిలారు. ‘గబ్బిలం’ లోపలి హక్కును అడిగితే, నది ఒడ్డు లోపలి అవసరాన్నే ప్రశ్నించింది. ఈ రెండింటిలో ఒకటి పురోగామి, మరొకటి తిరోగామి అని తీర్పు చెప్పడం సులభం కానీ సరికాదు. ప్రవేశం అడగకుండా తప్పుకుంటే ఊరి గుడి తలుపులు ఎప్పటిలాగే మూసి ఉంటాయి. ప్రవేశమే అడుగుతూ ఉంటే ప్రార్థన ఎప్పుడూ మరొకరి అనుమతి మీద ఆధారపడుతుంది. జాషువ అనంతరకాలంలో ‘క్రీస్తు చరిత్ర’ రాసి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. గడప దగ్గర ఆగిన ప్రార్థనను కావ్యం చేసిన కవే, కొండమీద బోధించిన గురువు కథనూ పద్యంలో చెప్పాడు. ఈ రెండు కావ్యాలను కలిపి చదివినప్పుడు జాషువలోని ద్వంద్వంగా కనిపించేది నిజానికి ఒకే ప్రశ్నకు రెండు వైపులు.

6. అంటరాని వసంతం – కాలువ గట్టు జ్ఞాపకం:
జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) నీటిలో దిగినవారి వైపు నుంచి ఈ చరిత్రను చెప్పింది. నవల రూతు జ్ఞాపకాల ద్వారా నడుస్తుంది. ఎన్నెల దిన్నిలోని ఎల్లన్న, సుభద్రల తరం వీధికళలతో ముడిపడిన తరం. వారి కొడుకు శివయ్య కరువులో బకింగ్‌హాం కాలువ పనికి వెళతాడు. అక్కడ కూడా కులం అడ్డు పడుతుంది. అందరికీ ఆకలే అయినా, మట్టి తవ్వే చోట కూడా అంటరానివారికి ప్రవేశం లేకుండా పోతుంది. ఆ దశలో మార్టిన్ పరిచయం, క్రైస్తవం వైపు నడక జరుగుతాయి. శివయ్య సీమోను అవుతాడు.

మిషన్ కథనం కాలువ పనిని క్లౌ ఉపకారంగా చెబుతుంది. నవల అదే కాలువ గట్టును వెలి ఎంత దూరం వెంటాడుతుందో చూపే స్థలంగా చిత్రిస్తుంది. కప్పు లేని ప్రతి స్థలమూ బయలు కాదని ఇంత బలంగా చెప్పిన తెలుగు రచనలు తక్కువ. వీధినాటకం ఆడిన బయలు, కాలువ తవ్విన బయలు, ప్రార్థన చేసిన బయలు నవలలో వరుసగా వస్తాయి. ప్రతిదానిలోనూ ‘ఇక్కడ నిలబడే హక్కు ఎవరిది?’ అనే ప్రశ్న తిరిగి వస్తుంది. మతం మారినంత మాత్రాన కులమూ, భూమి సమస్యా తీరవని నవల నిర్ద్వంద్వంగా చెబుతుంది. తరువాతి తరాల కథ విప్లవోద్యమం వైపు సాగడానికి కారణం అదే. ప్రార్థన చేసిన చోటు తమదైనా, సాగుచేసిన నేల తమది కాలేదు.

ప్రార్థన కొండ ఎక్కిన ఐదుగురిలో ఒకరి పేరు రూతు. చరిత్ర గ్రంథాల్లో ఆమె ఒక పేరుగా మాత్రమే మిగిలింది. నవలలో మరో రూతు తన వాళ్ల కథనంతా గుర్తుంచుకుని చెబుతుంది. పేరు కలవడం యాదృచ్ఛికం కావచ్చు, కానీ ఆ రెండు పేర్ల మధ్య దూరం దళిత క్రైస్తవ సాహిత్యం సాధించినదాన్ని కొలిచి చూపుతుంది.

7. ప్రాంగణం, తిరునాళ్ల – మెదక్, గుణదల:
మందిరాలు వచ్చాక కూడా బయలు పోలేదు. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో కరువు రోజుల్లో ఎందరో కూలీలకు పని కల్పిస్తూ సాగిన మెదక్ చర్చి నిర్మాణం పూర్తయి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. వేలమంది పట్టే ఆ మందిరంలో క్రిస్మస్ ఆరాధన జరుగుతుంటే, అంతకు మించిన జనం ఆవరణలో చెట్ల కింద వంటలు చేసుకుంటూ, పాటలు పాడుకుంటూ గడుపుతారు. వారిలో అన్యమతస్థులూ ఉంటారు. విజయవాడ గుణదలలో ఫాదర్ అర్లాటి 1924లో ప్రతిష్ఠించిన మరియమాత స్వరూపం చుట్టూ ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవం కొండ మీది తిరునాళ్ల. తలనీలాలు ఇవ్వడం, కొబ్బరికాయలు కొట్టడం, కొవ్వొత్తులు వెలిగించడం అక్కడ పక్కపక్కనే జరుగుతాయి.

ఈ పోలికలను చూసి ‘దేశీయీకరణ’ అని పేరు పెట్టి వదిలేయడం విమర్శకు చాలదు. రూపం జాతరదే అయినా అందులో పాల్గొనే హోదా మారింది. కొలుపులో డప్పు కొట్టడానికి మాత్రమే పిలిపించుకున్న కుటుంబాల వారసులు ఈ తిరునాళ్లలో మొక్కు చెల్లించే భక్తులు. భక్తసింగ్ (1903–2000) ఏర్పాటు చేసిన సంఘాల పరిశుద్ధ సమాజ కూటాల్లో పందిరి కింద అందరూ నేల మీద కూర్చుని ఒకే బంతిలో భోజనం చేయడమూ ఈ కోవలోదే. సహపంక్తి భోజనం అన్నది కొందరికి సంస్కరణ కార్యక్రమం, ఇక్కడ అది ఆరాధనలో భాగం.

8. బయలులో కొత్త గడపలు:
ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి ఆరుబయలు ఆరాధన స్వభావసిద్ధంగా సమానత్వాన్ని తెస్తుందని భావించరాదు. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలలు అధికసంఖ్యలో ఉండడం వల్ల, కులాల మధ్య దూరం కొన్ని చోట్ల మిషన్ల మధ్య దూరంగా రూపాంతరం చెందింది. నేటి భారీ సభల్లో ఎత్తయిన వేదిక, దాని ముందు ప్రత్యేక కుర్చీలు, వెనక నేల మీద జనం కనిపిస్తారు. చెట్టు కింద బోధకుడూ జనమూ ఒకే మట్టి మీద కూర్చున్న కూడికకూ దీనికీ చాలా తేడా ఉంది. మైకు మాటను దూరం చేర్చింది, దానితో పాటు పల్లవి అందుకునే జనాన్ని వినేవారిగా మార్చింది. కప్పు లేకుండానే గడప తిరిగి వచ్చింది.

రెండవ గడప చట్టానిది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వులోని 3వ పేరా షెడ్యూల్డు కుల హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని సడలించినా, క్రైస్తవులైన దళితులకు ఆ హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో వారిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో చేర్చారు. దీనివల్ల బయలు అర్థం మరోసారి సంక్లిష్టమైంది. అందరూ చూస్తుండగా నదిలో దిగడం ఒకప్పుడు ఆత్మగౌరవ ప్రకటన. ఇప్పుడు అదే బహిరంగత ఒక విద్యార్థి ఉపకారవేతనానికి, ఒక కుటుంబపు రక్షణకు ఎదురు నిలిచే సాక్ష్యం కాగలదు. కులం వారిని వదలలేదు, చట్టం మాత్రం ఆ కులానికి దక్కే రక్షణను వదలమంటున్నది. గదిలో ప్రార్థించి కాగితం మీద మరొకటి రాసుకునేవారిని అవకాశవాదులుగా చూసే విమర్శ, బయట నిలబడడానికి వారు చెల్లించవలసిన మూల్యాన్ని ముందుగా లెక్కించాలి.

9. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తెలుగు క్రైస్తవుల ఆరుబయలు ఆరాధనను మందిరాల కొరతతోనో, జాతర అనుకరణతోనో పూర్తిగా వివరించలేము. ప్రవేశం లేని సమాజంలో ప్రవేశం అవసరం లేని స్థలాన్ని ఏర్పరచుకోవడం దాని చారిత్రక సారం.

2. లోపల, వెలుపల అనే భేదాన్ని కప్పు నిర్ణయించదు, కట్టుబాటు నిర్ణయిస్తుంది. రచ్చబండ, వీధినాటక స్థలం, కాలువ గట్టు ఇందుకు నిదర్శనాలు.

3. ‘గబ్బిలం’ గడప దాటే హక్కును అడిగితే, ‘అంటరాని వసంతం’ గడప లేని చోట కూడా వెలి ఎలా వెంటాడుతుందో చూపింది. మిషన్ రచనలను ఈ రెండింటి పక్కన పెట్టి చదివితే తప్ప ఒంగోలు చరిత్ర సమగ్రం కాదు.

4. వేదిక, మైకు, 1950 నాటి ఉత్తర్వు బయలులో కొత్త గడపలను నిర్మించాయి. దళిత క్రైస్తవ సాహిత్య విమర్శ వీటిని కూడా తన పరిధిలోకి తెచ్చుకోవాలి.

గుండ్లకమ్మలో ఆ జులై రోజున దిగినవారికి వెలివాడ నుంచి నదికి నాలుగడుగుల దారి. ఆ దారిలో వారు స్థలం మారలేదు, బయటే ఉన్నారు. ఆ బయటను తమదిగా చేసుకున్నారు. తెలుగు క్రైస్తవ సాహిత్యాన్ని చదవడానికి ఆ నాలుగడుగులు ఇప్పటికీ సరైన ప్రారంభస్థానం.